టార్చ్ టెస్టులో ఐజీజీ పాజిటివ్ వచ్చింది, 11వ వారం. చాలా భయంగా ఉంది

పల్నాటి కోడలు | సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. నాకిప్పుడు 11వ వారం. పోయిన ఏడాది మొదటిసారి నెల తప్పినప్పుడు 8వ వారంలోనే పోయింది. అందుకని ఈసారి మా ఆడపడుచు చెప్పిందని టౌన్‌లో ఒక ల్యాబ్‌లో ప్రెగ్నెన్సీ ప్యాకేజీ అంటే చేయించుకున్నాను. అందులో టార్చ్ అని, కడుపులో బిడ్డకి హాని చేసే ఇన్ఫెక్షన్లకి చేసే రక్తపరీక్షలు కూడా ఉన్నాయి. సాయంత్రం రిపోర్టు వాట్సాప్‌లో వచ్చింది. రుబెల్లా ఐజీజీ పాజిటివ్, సీఎంవీ ఐజీజీ పాజిటివ్ అని రెండూ ఎర్ర అక్షరాల్లో ఉన్నాయి. ఐజీఎం అన్నీ నెగెటివ్. టాక్సోప్లాస్మా రెండూ నెగెటివ్.

ల్యాబ్‌కి ఫోన్ చేస్తే "టార్చ్ పాజిటివ్ మేడమ్, వెంటనే డాక్టర్‌కి చూపించండి" అంది కౌంటర్‌లో అమ్మాయి. మా అత్తయ్య "మొదటిది కూడా అందుకే పోయింది, ఆ పురుగు ఇంకా లోపలే ఉంది" అంటున్నారు. డాక్టరమ్మ దగ్గర అపాయింట్‌మెంట్ శుక్రవారం. రాత్రి కంచం ముందు కూర్చున్నాను కానీ ముద్ద దిగలేదు. ఈ బిడ్డనైనా నిలుపుకోగలనా? తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

సీతాఫలం | సోమవారం, రాత్రి 10:58

చెల్లీ, ముందు ఏదైనా తిను. ఇక్కడ ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళు, డాక్టర్లు ఉన్నారు, వాళ్ళు వచ్చేదాకా గూగుల్ చేయకు. నాకూ రెండో కాన్పులో ఇలాగే ఎర్ర అక్షరాలు వచ్చాయి. మా అమ్మాయి ఇప్పుడు ఏడో తరగతి.

ల్యాబ్ బెంచి | సోమవారం, రాత్రి 11:25

అమ్మా, నేను మైక్రోబయాలజీ టెక్నీషియన్‌ని, ఈ పనిలో 19 ఏళ్ళు. మీ రిపోర్టులో భయపడాల్సింది ఏదీ కనిపించడం లేదు.

ఐజీఎం, ఐజీజీ అనేవి రోగక్రిములతో పోరాడటానికి మన ఒళ్ళు తయారుచేసుకునే యాంటీబాడీలు. ఒంట్లోకి ఒక వైరస్ కొత్తగా వచ్చినప్పుడు ముందు పుట్టేది ఐజీఎం. ఐజీజీ కాస్త వెనకాల వచ్చి చాలా ఏళ్ళు, కొన్నిటికైతే జీవితాంతం, ఉండిపోతుంది. భుజం మీద బీసీజీ మచ్చ చూసి "నీకు టీబీ ఉంది" అని ఎవరైనా అంటే ఒప్పుకుంటామా? ఇదీ అంతే. రుబెల్లా (జ్వరం, దద్దుర్లతో వచ్చే వైరస్ జబ్బు) ఐజీజీ పాజిటివ్ అంటే మీకు చిన్నప్పుడు ఆ జబ్బు వచ్చి తగ్గిపోయిందనో, టీకా పడిందనో అర్థం. గర్భిణికి అది రక్షణ. ఇక సీఎంవీ అనే వైరస్ మన దేశంలో పెద్దయ్యేలోపు దాదాపు అందరికీ సోకే ఉంటుంది. మా ల్యాబ్‌లో సీఎంవీ ఐజీజీ నెగెటివ్ వస్తే శాంపిల్ తారుమారైందేమోనని ఒకసారి లేబుల్ చూసుకుంటాం.

ఎర్ర రంగు డాక్టర్ వేసింది కాదు. రిఫరెన్స్ రేంజ్ (రిపోర్టులో పక్కన ఇచ్చే హద్దు) దాటిన ప్రతి అంకెకూ సాఫ్ట్‌వేర్ ఎరుపు వేస్తుంది. అది మంచి అంకెనో చెడ్డ అంకెనో దానికి తెలియదు. పేషెంట్‌కి నేరుగా రిపోర్టు వెళ్ళే ఈ రోజుల్లో ఆ రంగు ఎందరిని నిద్ర లేకుండా చేస్తోందో రోజూ ఫోన్లలో వింటున్నాను, బాధగా ఉంటుంది.

వరి కంకి | మంగళవారం, ఉదయం 6:50

మా అక్క సంగతి చెప్తాను. రెండుసార్లు పోయాక ఇలాగే ఐజీజీ పాజిటివ్ చూపించి "టార్చ్ తగ్గేదాకా పిల్లలు వద్దు" అన్నారు ఒకచోట. నెలల తరబడి మాత్రలు, మళ్ళీ టెస్టు, మళ్ళీ పాజిటివ్, మళ్ళీ మాత్రలు. మూడేళ్ళు పోయాయి. ఐజీజీ తగ్గి నెగెటివ్ అవ్వాలని ఎదురుచూశాం, అది తగ్గేది కాదని ఎవరూ చెప్పలేదు. చివరికి ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆ ఫైల్ పక్కన పెట్టి థైరాయిడ్ టెస్టు రాశారు. అసలు తేడా అక్కడుంది. ఆ మూడేళ్ళూ మా అక్క వయసు 33 నుంచి 36కి వెళ్ళింది, ఆ కాలాన్ని ఎవరు తిరిగి ఇస్తారు?

గైనిక్ వార్డు | మంగళవారం, మధ్యాహ్నం 2:15

నేను ప్రసూతి వైద్యురాలిని. ల్యాబ్ బెంచి గారు చెప్పింది సరైనదే. పల్నాటి కోడలు గారూ, మీకు పోయిన ఏడాది జరిగినదానికీ ఈ రిపోర్టుకీ సంబంధం లేదు. తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగానికి పైగా పిండం క్రోమోజోముల్లో తేడా వల్లే పోతాయి. మీరు తిన్నది, నడిచింది, ఎత్తిన బిందె, ఏదీ కారణం కాదు. ఈ మాట మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి.

రుబెల్లా అంటే భయం ఊరికే రాలేదు. 1941లో ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టర్ పుట్టుకతోనే శుక్లాలున్న పసిపిల్లలు వరసగా వస్తుంటే తల్లుల్ని అడిగి చూశారు. గర్భం తొలి నెలల్లో వాళ్ళకు రుబెల్లా వచ్చిందని అలా బయటపడింది. కానీ ఆ ప్రమాదం గర్భంలో కొత్తగా సోకినవాళ్ళకి. మీకు రక్షణ ఉంది. లేనివాళ్ళకి కూడా గర్భంలో ఆ టీకా వేయం, కాన్పయ్యాక వేస్తాం. 2017లో మన రెండు రాష్ట్రాల్లో 9 నెలల నుంచి 15 ఏళ్ళ లోపు పిల్లలకు మీజిల్స్-రుబెల్లా టీకా వేశారు, ఆ ఆడపిల్లలు ఇప్పుడిప్పుడే తల్లులవుతున్నారు.

జ్వరంతో ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినా, స్కానింగ్‌లో బిడ్డలో ఏదైనా తేడా కనిపించినా అప్పుడు ఈ టెస్టులు పనికొస్తాయి. ఏ ఇబ్బందీ లేని ప్రతి గర్భిణికీ టార్చ్ రాయడం నేను మానేసి చాలా కాలమైంది. ఏ పరీక్ష రాసే ముందైనా నన్ను నేను అడిగేది ఒక్కటే: పాజిటివ్ వస్తే ఇవ్వడానికి నా చేతిలో మందు ఉందా?

అందుకే మిమ్మల్ని వేరే సంగతి అడుగుతున్నాను. హెచ్ఐవీ, హెచ్‌బీఎస్ఏజీ (హెపటైటిస్ బి), వీడీఆర్ఎల్, యూరిన్ కల్చర్ (మూత్రంలో బ్యాక్టీరియా పెరుగుతోందా అని చూసేది), ఈ నాలుగూ అయ్యాయా? మీ ఎంసీపీ కార్డు (గర్భిణులకు ఇచ్చే తల్లీబిడ్డల కార్డు) తీసి చూసి చెప్పండి.

పల్నాటి కోడలు | మంగళవారం, మధ్యాహ్నం 3:05

మేడమ్, మీ మెసేజ్ మా అత్తయ్యకి రెండుసార్లు చదివి వినిపించాను. బిందె మాట దగ్గర ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. ఆ నీళ్ళ బిందె గురించి అప్పట్లో నన్ను చాలా అన్నారు.

కార్డు చూశాను. హెచ్ఐవీ నాన్ రియాక్టివ్ అని ఉంది, తేదీ కూడా ఉంది. హెపటైటిస్ బి నెగెటివ్. వీడీఆర్ఎల్ దగ్గర ఏమీ రాయలేదు, ఖాళీ. ప్యాకేజీ రిపోర్టులో కూడా వెతికాను, లేదు. యూరిన్ మామూలు టెస్టు చేశారు, "పస్ సెల్స్ 3-4" అని ఉంది. కల్చర్ అనేది లేదు. వీడీఆర్ఎల్ అంటే ఏమిటి?

లేబర్ రూమ్ సిస్టర్ | మంగళవారం, రాత్రి 9:30

అమ్మా, ఆ ఖాళీ గడి గురించి నేను చెప్పాలి. డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను.

వీడీఆర్ఎల్ సిఫిలిస్ అనే సుఖవ్యాధికి చేసే రక్తపరీక్ష. పేరు వినగానే మనుషులు ముఖం తిప్పుకుంటారు, అందుకే ఎవరూ గట్టిగా అడగరు. నాలుగేళ్ళ కిందట మా దగ్గరికి ఇటుక బట్టీలో పనిచేసే అమ్మాయి నొప్పులతో వచ్చింది. ఎనిమిదో నెల. మూడో కాన్పు. మొదటి బిడ్డ ఏడో నెలలో కడుపులోనే పోయింది, రెండో బిడ్డ పుట్టిన మూడో రోజు పోయింది. వాళ్ళూరిలో ఏదో శాపం అన్నారట. ఆ రాత్రి నా చేతుల్లోకి వచ్చిన బిడ్డ చనిపోయి చాలా రోజులైంది. చర్మం ముట్టుకుంటే ఊడివస్తోంది. పొట్ట ఉబ్బి ఉంది. మాయ మామూలుకంటే చాలా పెద్దది, పాలిపోయి ఉంది. మా పెద్ద డాక్టరమ్మ ఆ మాయ చూడగానే "వీడీఆర్ఎల్ ఎంత?" అని అడిగారు. కార్డు తీస్తే "రక్త పరీక్షలు నార్మల్" అని ఒక్క మాట. వీడీఆర్ఎల్ చేయనే లేదు. మూడు కాన్పుల్లో ఒక్కసారి కూడా. మేం పంపితే 1:64 రియాక్టివ్, అంటే గట్టి పాజిటివ్ వచ్చింది. దాన్ని ఖాయం చేసే టీపీహెచ్ఏ పరీక్ష కూడా పాజిటివ్.

దీనికి మందు బెంజాథిన్ పెన్సిలిన్. పొడిని నీళ్ళతో కలిపితే చిక్కటి పాలలా అవుతుంది. సన్న సూది పెడితే మధ్యలో అడ్డుపడుతుంది, లావు సూదితో ఆపకుండా నెమ్మదిగా ఎక్కించాలి. 24 లక్షల యూనిట్లు, రెండు పిరుదులకూ సగం సగం. ఇన్ఫెక్షన్ కొత్తదైతే ఒక్క డోసు. ఎప్పటిదో తెలియకపోతే వారానికొకటి చొప్పున మూడు. నొప్పిగా ఉంటుంది, రెండు రోజులు కూర్చోవడం కష్టం. అంతే, దానితో అయిపోతుంది. అమ్మకి వేస్తే కడుపులో బిడ్డకీ చేరుతుంది. కాకపోతే కాన్పుకి కనీసం నెల ముందు పడాలి.

ఆ అమ్మాయికీ భర్తకీ ఇద్దరికీ మూడేసి డోసులు నేనే వేశాను. రెండేళ్ళ తర్వాత మళ్ళీ వచ్చింది. ఈసారి ఆడపిల్ల, 2 కిలోల 800 గ్రాములు, బయటికి రాగానే గదంతా మారుమోగేలా ఏడ్చింది. ఆ ఏడుపు విని నేనూ ఏడ్చాను. ముందు పోయిన ముగ్గురూ కూడా ఇలాగే ఏడ్చి ఉండాల్సినవాళ్ళు కదా.

మీకు ఆ జబ్బు ఉందని కాదు తల్లీ. ఉండకపోవచ్చు. గడి మాత్రం ఖాళీగా వదలకండి.

నల్లగొండ05 | మంగళవారం, రాత్రి 10:10

సిస్టర్ గారు, చదివితే ఒళ్ళు జలదరించింది. ఒక డౌట్. మా ఆవిడకు ఐదో నెల, అన్నీ నెగెటివే. మా ఊరి హెల్త్ నర్సు, ఏఎన్ఎం మేడమ్ నన్ను కూడా టెస్ట్ చేయించుకోమంటోంది. ఆమెకు లేనప్పుడు నాకెందుకు? ఊళ్ళో చూస్తే ఏమనుకుంటారు?

ఐసీటీసీ కౌన్సెలర్ | బుధవారం, ఉదయం 8:20

తమ్ముడూ, నేను హెచ్ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రంలో (ఐసీటీసీ) పనిచేస్తాను. అడిగినందుకు సంతోషం. చాలామంది అడగరు, రారు కూడా.

మీ భార్యకు ఇవాళ హెచ్ఐవీ లేదు. మీకు ఉండి మీకే తెలియకపోతే ఈ నెలల్లో ఆమెకు అంటవచ్చు. గర్భంలో కొత్తగా సోకితే తల్లి రక్తంలో వైరస్ చాలా ఎక్కువగా ఉంటుంది, బిడ్డకి చేరే అవకాశమూ అప్పుడే ఎక్కువ. మొదటి టెస్టు నెగెటివ్ అని అందరూ నిశ్చింతగా ఉంటారు కాబట్టి ఎవరూ కనిపెట్టలేరు కూడా. సిఫిలిస్ అయితే ఆమెకు ఇంజెక్షన్ వేసి మిమ్మల్ని వదిలేస్తే మళ్ళీ మొదటికే వస్తుంది.

ఊళ్ళో తెలుస్తుందనే భయం నాకు తెలుసు. 2017లో వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా టెస్టు చేయకూడదు, ఫలితం బయట చెప్పకూడదు. మా గదిలో తలుపు వేసి మాట్లాడతాం. 1097కి ఫోన్ చేస్తే పేరు చెప్పకుండానే అన్నీ అడగవచ్చు.

పాజిటివ్ వచ్చిన తల్లుల గురించి కూడా ఒక మాట. మందు లేకపోతే వందలో 15 నుంచి 45 మంది పిల్లలకు తల్లి నుంచి హెచ్ఐవీ సోకుతుంది. తల్లి రోజూ మాత్ర వేసుకుని, బిడ్డకి పుట్టగానే నెవిరపిన్ అనే హెచ్ఐవీ మందు సిరప్ మొదలుపెడితే ఐదులోపే. ఆరో వారంలో బిడ్డ మడమ మీద సూదితో గుచ్చి రక్తపు చుక్కల్ని ఒక ఫిల్టర్ కాగితం మీద ఆరబెట్టి పంపుతాం. ఆ రిపోర్టు వచ్చేదాకా తల్లులు ఫోన్ చేస్తూనే ఉంటారు. 18 నెలలకి ఆఖరి టెస్టు. "అయిపోయిందమ్మా, నెగెటివ్, ఇక రానక్కర్లేదు" అని నేను చెప్పిన రోజున ఒకావిడ బిడ్డని నా ఒళ్ళో పెట్టి గోడకానుకుని కూర్చుండిపోయింది. ఒకటిన్నర ఏళ్ళు ఆవిడ నిల్చునే ఉన్నట్టు అనిపించింది నాకు.

వచ్చే 9వ తారీఖున ఇద్దరూ కలిసి వెళ్ళండి. ప్రతి నెలా 9న ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకు డాక్టర్ చూస్తారు, పరీక్షలు చేస్తారు. డబ్బు పెట్టనక్కర్లేదు.

నల్లగొండ05 | బుధవారం, ఉదయం 8:41

సరే అక్కా, వెళ్తాను. మా దోస్తుకు కూడా చెప్తా, వాళ్ళింట్లో కూడా మూడో నెల.

ఓరుగల్లు నాన్న | బుధవారం, రాత్రి 7:30

హెపటైటిస్ బి గురించి మా ఇంటి అనుభవం రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుందని.

నా భార్యకు మూడో నెలలో పాజిటివ్ వచ్చింది. ఆమెకు ఏ బాధా లేదు, కామెర్లు లేవు. మా అమ్మ ఆ రోజు సాయంత్రమే ఒక కంచం, గ్లాసు వేరుగా తీసి కిటికీలో పెట్టింది. మా అమ్మది చెడ్డ మనసు కాదు, భయం. నా భార్య ఏమీ అనకుండా అందులోనే తిన్నది. ఆ కంచం నాకిప్పటికీ కళ్ళ ముందు కనిపిస్తుంది. కలిసి తింటే, ఒకే గ్లాసులో నీళ్ళు తాగితే ఈ జబ్బు రాదని డాక్టర్ చెప్పాక మా అమ్మే ఆ కంచం తీసి వరసలో పెట్టింది.

వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే టెస్టు) చేస్తే 2 లక్షలకు పైన వచ్చింది. అందుకని ఏడో నెల నుంచి వైరస్‌ను తగ్గించే టెనోఫోవిర్ మాత్ర వేశారు. పుట్టిన రోజే బిడ్డకు ఒక తొడకు హెపటైటిస్ బి టీకా, రెండో తొడకు ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీలు) వేశారు. ఆ ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ ధర ఎక్కువ, కాన్పు రోజున అప్పటికప్పుడు దొరక్కపోవచ్చు. నేను పది రోజుల ముందే తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టించాను. ఆస్పత్రిలోనే ఉంటుందో లేదో మీరు ముందే కనుక్కోండి. నా భార్య పాలు ఇచ్చింది, ఇవ్వొచ్చన్నారు. 10వ నెలలో బాబుకి టెస్ట్ చేస్తే వైరస్ లేదు, టీకా బాగా పట్టింది.

ఆమెకు ఉందని తెలిసి వాళ్ళ పుట్టింట్లో అందరికీ చేయిస్తే మా బావమరిదికీ ఉంది. ఇప్పుడు ఆయన లివర్ డాక్టర్ దగ్గర చూపించుకుంటున్నాడు.

గైనిక్ వార్డు | బుధవారం, రాత్రి 8:05

అన్నయ్యా, మీరు రాసింది మా ఓపీ గోడకు అతికించాలనిపించింది. పుట్టినప్పుడే హెపటైటిస్ బి సోకిన పిల్లల్లో పదింట తొమ్మిది మందికి అది జీవితాంతం ఉండిపోతుంది, వాళ్ళలో కొందరికి పెద్దయ్యాక లివర్ సిర్రోసిస్‌గానో (లివర్ గట్టిపడి పాడవడం) క్యాన్సర్‌గానో బయటపడుతుంది. అందుకే తల్లి నెగెటివ్ అయినా పుట్టిన ప్రతి బిడ్డకీ 24 గంటల్లోపు టీకా పడాలి. ఆదివారం, పండగ అని సోమవారానికి వాయిదా వేస్తే ఒప్పుకోకండి.

పెరటి మందారం | గురువారం, ఉదయం 11:00

మా ఇంట్లో పిల్లి ఉంది. నాకు నాలుగో నెల. వదిలేయమంటున్నారు. వదల్లేను.

ల్యాబ్ బెంచి | గురువారం, మధ్యాహ్నం 1:10

వదలక్కర్లేదమ్మా. దాని మలం మాత్రం ఇంకొకరు రోజూ తీసేయాలి. అందులో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉన్నా అంటుకునే స్థితికి రావడానికి ఒక రోజైనా పడుతుంది, రోజూ తీసేస్తే ఆ అవకాశం ఉండదు. మాంసం బాగా ఉడికించి తినండి, ఆకుకూరలు బాగా కడగండి, పెరట్లో మట్టి పని చేస్తే గ్లోవ్స్ వేసుకోండి. పిల్లికంటే సగం ఉడికిన మాంసం గురించే నాకు ఎక్కువ పట్టింపు.

ఎడిసన్ గోదారి | గురువారం, రాత్రి 9:45

న్యూజెర్సీ నుంచి. ఇక్కడ 36వ వారంలో జీబీఎస్ అని ఒక స్వాబ్ తీస్తారు. నాకు పాజిటివ్ వచ్చింది. రాజమండ్రి నుంచి వచ్చిన మా అమ్మ బెంగ పెట్టేసుకుంది. నలుగురు ఆడవాళ్ళలో ఒకరికి ఉండే మామూలు బ్యాక్టీరియా అట, మనకేం చేయదు, కాన్పు సమయంలో బిడ్డకి అంటితే ప్రమాదం. నొప్పులు మొదలయ్యాక నాలుగు గంటలకోసారి పెన్సిలిన్ ఎక్కించారు. పాప బాగుంది. ఇండియాలో దీన్ని చేస్తారా?

గైనిక్ వార్డు | గురువారం, రాత్రి 10:20

మన దగ్గర అందరికీ చేసే పద్ధతి లేదు. బ్రిటన్‌లో కూడా అందరికీ చేయరు. ముందు బిడ్డకు ఆ ఇన్ఫెక్షన్ వచ్చి ఉన్నా, మూత్రంలో ఆ బ్యాక్టీరియా కనిపించినా, నెలలు నిండకముందే నొప్పులు వచ్చినా, ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటినా, కాన్పులో జ్వరం వచ్చినా యాంటీబయాటిక్ ఇస్తాం. ఉమ్మనీరు పోతే "నొప్పులు రాలేదు కదా" అని ఇంట్లో కూర్చోవద్దని అందుకే చెప్తాం.

మన్యం ఏఎన్ఎం | శుక్రవారం, ఉదయం 5:55

సిగ్నల్ ఉన్నప్పుడే రాస్తున్నాను. పాడేరు వైపు మా సబ్ సెంటర్. పైన చెప్పిన టెస్టులతో పాటు మాకు మలేరియా ఉంటుంది. గర్భిణికి జ్వరం అంటే ఇంకేం ఆలోచించకుండా వేలు గుచ్చి ర్యాపిడ్ కిట్ మీద చూస్తాం. ఫాల్సిపారం రకం మలేరియా క్రిములు మాయలో దాక్కుంటాయి, వేలి రక్తంలో కనిపించకపోవచ్చు. అందుకే నెగెటివ్ వచ్చినా జ్వరం తగ్గకపోతే మళ్ళీ చేస్తాం. రక్తం బాగా తగ్గిపోతుంది, బిడ్డ బరువు పెరగదు. దోమతెర ఇస్తే చేపలు పట్టడానికి వాడుతున్నారని కొందరు రాస్తారు. మా ఊళ్ళలో గర్భిణి మంచానికి కట్టి ఉన్న తెరల్ని నేను చూస్తూనే ఉన్నాను. రోడ్డు లేని గూడేల నుంచి డోలీలో మోసుకొస్తారు, అంత కష్టపడి వచ్చిన మనిషిని ఒక్క టెస్టు తప్పిపోయి తిప్పి పంపడం కంటే పాపం ఉండదు. అందుకే అన్ని కిట్లూ సంచిలో వేసుకుని నేనే వెళ్తాను.

పల్నాటి కోడలు | శుక్రవారం, రాత్రి 8:15

డాక్టరమ్మని కలిసి వచ్చాం. టార్చ్ రిపోర్టు ఒక్క నిమిషం చూసి మడిచి ఇచ్చేశారు, ఇక్కడ మీరు చెప్పిన మాటలే చెప్పారు. స్కానింగ్‌లో గుండె చప్పుడు వినిపించారు. మా అత్తయ్య కూడా లోపలికి వచ్చారు. వీడీఆర్ఎల్ నాకు, మా ఆయనకి ఇద్దరికీ రాశారు. మా ఆయన ఏమీ మాట్లాడకుండా చొక్కా చేయి మడిచారు. యూరిన్ కల్చర్‌కి శాంపిల్ ఎలా ఇవ్వాలో ల్యాబ్ బెంచి గారు చెప్తారా? అక్కడ డబ్బా ఇచ్చారు కానీ చెప్పలేదు.

ల్యాబ్ బెంచి | శుక్రవారం, రాత్రి 8:40

ముందు చేతులు, తర్వాత అక్కడ మామూలు నీళ్ళతో ముందు నుంచి వెనక్కి కడుక్కోండి. మొదట వచ్చేది వదిలేసి, మధ్యలోది డబ్బాలో పట్టండి. మూత లోపలి వైపు వేలు తగలకూడదు. రెండు గంటల్లోపు ల్యాబ్‌లో ఇచ్చేయండి. వీటిలో ఏది తప్పినా లేని ఇన్ఫెక్షన్ కనిపించవచ్చు.

పల్నాటి కోడలు | మంగళవారం, ఉదయం 10:30

రిపోర్టులు వచ్చాయి. వీడీఆర్ఎల్ ఇద్దరికీ నాన్ రియాక్టివ్. కల్చర్‌లో మాత్రం ఈ.కోలై అనే బ్యాక్టీరియా, లక్షకు పైగా కాలనీలు. నాకు మంట లేదు, జ్వరం లేదు, ఏమీ తెలియలేదు. పస్ సెల్స్ (చీము కణాలు) కూడా మామూలుగానే ఉన్నాయి కదా మొన్న.

గైనిక్ వార్డు | మంగళవారం, మధ్యాహ్నం 1:50

గర్భిణుల్లో మూత్రంలో ఇన్ఫెక్షన్ చాలాసార్లు ఇలాగే చప్పుడు లేకుండా ఉంటుంది. మామూలు యూరిన్ టెస్టులో దొరక్కపోవచ్చు. వదిలేస్తే కొందరిలో కిడ్నీల దాకా ఎక్కి చలిజ్వరం, నెలలు నిండకముందే నొప్పులు వస్తాయి. కోర్సు పూర్తిగా వాడండి, బాగుందని మధ్యలో మానకండి. అయ్యాక వారానికి మళ్ళీ కల్చర్ ఇవ్వండి.

పల్నాటి కోడలు | మంగళవారం, సాయంత్రం 6:20

ఏడు రోజుల మాత్రలు రాశారు మేడమ్, ఇవాళ మధ్యాహ్నం నుంచి మొదలుపెట్టాను. అత్తయ్య పొద్దున, రాత్రి అలారం పెట్టుకున్నారు తన ఫోన్‌లో.

లేబర్ రూమ్ సిస్టర్ | మంగళవారం, రాత్రి 9:10

కార్డులో వీడీఆర్ఎల్ గడి నింపించావా తల్లీ? రిపోర్టు కాగితం పోతుంది, కాన్పు రోజున మా చేతికి వచ్చేది ఆ కార్డే.

పల్నాటి కోడలు | మంగళవారం, రాత్రి 9:22

రాయించాను సిస్టర్. పెన్నుతో, తేదీ వేసి, పక్కన మా ఆయనది కూడా. ఏడో నెలలో మళ్ళీ చేయాలని కింద రాశారు.